రాగి తీగ సన్నబడితే...

మా నల్లగొండ పల్లెల్లో చావు కబురు తర్వాత అంత వేగంగా ఊరంతా తిరిగే కబురు ఇంకొకటుంది. 'ఫలానావాళ్ల మోటారు కాలింది' అన్నదే ఆ కబురు. విన్నవాళ్లు 'అయ్యో' అంటారు. ఆ వెంటనే అందరూ అడిగే ప్రశ్న ఒకటే... 'వరి ఏ దశల ఉన్నది?' నారుమడి అయితే ఫర్వాలేదు. పొట్ట మీదుంటే మాత్రం ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

ఇంట్లో మిక్సీ చెడిపోతే రోట్లో నూరుకుంటాం. ఫ్యాన్ ఆగిపోతే వాకిట్లో మంచం వేసుకుంటాం. పొలంలో యంత్రం ఆగితే అలా సర్దుకోవడం కుదరదు. బోరు మోటారు కాలిందంటే మూడు వందల అడుగుల లోతు నుంచి పైపులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పైకి లాగాలి. నలుగురు మనుషులు కావాలి. ట్రాలీ మాట్లాడుకుని టౌనుకు తీసుకుపోవాలి. వైండింగ్ షాపులో అప్పటికే పది మోటార్లు వరసలో పడి ఉంటాయి. దాన్ని మళ్లీ తెచ్చి, దించి, నీళ్లు పారించేసరికి నాలుగైదు రోజులు. యాసంగి ఎండకు మడి నెర్రెలివ్వడానికి అన్ని రోజులు అక్కర్లేదు.

మరి ఇంత ముఖ్యమైన వస్తువును కాలిపోకుండా చేయలేరా? చేయగలరు. అలా చేసి అమ్మి, ఆ తయారీదారు బతికి బట్టకట్టగలడా? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఇంట్లోనే రెండు పక్షాలు

ఈ చిక్కును నేను రెండు వైపుల నుంచీ చూశాను. మా నాయిన దేవరకొండ దగ్గరి పల్లెలో మూడెకరాల వరి రైతు. బతికున్నన్నాళ్లూ ఆయన మోటారు కొనే మనిషి. మా మేనత్త కొడుకు, మా అక్కను చేసుకున్న బావ, హైదరాబాద్ శివార్లలో రేకుల షెడ్డులో బోరు మోటార్లు తయారుచేసే మనిషి. ఒకరు 'ఇంత ధరా?' అంటే ఇంకొకరు 'ఇంత తక్కువకా?' అనేవారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే నేను పండగ పూట ఆ ఇద్దరి మధ్యా కూర్చునేవాణ్ని.

మా నేల సంగతి కొంచెం చెప్పాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఇసుక నేలల్లోలాగా నీళ్లు అంతటా ఊరవు. రాతి పగుళ్లలో దాక్కుని ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. కృష్ణమ్మ పక్క నుంచే పోతున్నా ఎత్తు మీదున్న మా ఊళ్లకు ఆ నీళ్లు దశాబ్దాల పాటు ఎక్కలేదు. బావులు ఎండాక బోర్లు వేశారు. అవి ఎండితే ఇంకా లోతుకు పోయారు. మనుషుల కంటే బోర్లే ఎక్కువున్న ఊరుగా నల్లగొండ దగ్గరి ముషంపల్లి 2000ల మొదట్లో పత్రికలకెక్కింది. అలాంటి బోరులోకి దిగిన మోటారుకు సుఖమన్నది ఉండదు. లోతు ఎక్కువ. నీళ్లు తక్కువ. ఆ నీళ్లలో రాతి పొడి. పైనుంచి వచ్చే కరెంటుకు నిలకడ లేదు.

పలక మీది అబద్ధం

బావ షెడ్డు పెట్టిన కొత్తలో వచ్చిన మొదటి డీలరు రాగి ఎంత వేస్తున్నావని అడగలేదట. 'పలక మీద ఎంత కొడతవ్?' అని అడిగాడట. బావకు మొదట అర్థం కాలేదు.

ఆ రోజుల్లో పొలం మోటార్లకు మీటర్లు లేవు. హార్స్‌పవర్ లెక్కన ఏడాదికి ఇంత అని బిల్లు కట్టేవారు. అయిదు హెచ్‌పీ మోటారుకు కట్టాల్సింది మూడు హెచ్‌పీ మోటారు కంటే ఎక్కువ. కాబట్టి రైతుకు అయిదు పనిచేసే మోటారు కావాలి, దాని పలక మీద మాత్రం మూడు ఉండాలి. నిజం కొట్టినవాడి సరుకు గోడౌన్‌లో ఉండిపోయేది. అబద్ధం కొట్టినవాడిది బండెక్కేది. రైతును తప్పుపట్టి లాభం లేదు. పంటకు రాని డబ్బును ఆయన ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా!

2004 మే 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. దాంతో పలక మీద తక్కువ కొట్టించుకోవాల్సిన అవసరం తీరిపోయింది. అయితే కొన్నాళ్లకే అబద్ధం తిరగబడింది. అంతకుముందు పెద్ద మోటారు మీద చిన్న అంకె ఉండేది. ఇప్పుడు చిన్న మోటారు మీద పెద్ద అంకె వచ్చింది. 'అయిదు హెచ్‌పీ' అని రాసుంటుంది, లోపల మూడున్నరకు సరిపడా సరుకే ఉంటుంది. పోటీలో ధర తగ్గించడానికి కొందరు కనిపెట్టిన దారి అది.

ఇంకో విచిత్రం కూడా జరిగింది. ఫ్రిజ్ కొనేటప్పుడు మనం నక్షత్రాలు లెక్కపెడతాం. కరెంటు బిల్లు మన జేబులోంచి పోతుంది కాబట్టి. పొలం పంపుసెట్లకు కూడా కేంద్ర సంస్థ ఇచ్చే నక్షత్రాల గుర్తింపు ఉంది. కానీ బిల్లే లేని రైతు నక్షత్రానికి అదనంగా డబ్బెందుకు పెడతాడు? కరెంటు తక్కువ తాగే మోటారు తయారుచేయాలంటే మేలురకం ఉక్కు, ఎక్కువ రాగి కావాలి. ఖర్చు తయారీదారుది, లాభం విద్యుత్ సంస్థది. మధ్యలో ఉన్న రైతు ఒక్క మాటే అడుగుతాడు... 'కాలకుండ ఉంటదా?' మా దగ్గర నాణ్యత అన్న మాటకు అర్థం అదే.

తీగలోనే ఉంది కథ

కాలడం అంటే ఏమిటో కాస్త లెక్కతో చెబుతాను, భయపడకండి. మోటారుకు మూడు ఫేజుల మీద 415 వోల్టులు రావాలి. అంతకంటే 15 శాతం తక్కువ వచ్చినా తట్టుకోవాలని ఐఎస్ఐ ప్రమాణం చెబుతుంది. వోల్టేజీ తగ్గినా నీళ్లు తోడే బరువు తగ్గదు కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. 15 శాతం వోల్టేజీ తగ్గితే కరెంటు సుమారు 18 శాతం పెరుగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తీగలో పుట్టే వేడి 38 శాతం ఎక్కువవుతుంది. అంతవరకు మంచి మోటారు ఓర్చుకుంటుంది.

ఇప్పుడు ఆ తీగ మందాన్ని పదో వంతు తగ్గించి చూడండి. పైకి ఎవరికీ తెలియదు. రాగి దాదాపు 19 శాతం మిగులుతుంది. తయారీదారుకు అది లాభం. కానీ తీగ నిరోధం 23 శాతం పెరుగుతుంది. తక్కువ వోల్టేజీ, సన్న తీగ రెండూ కలిశాయనుకోండి, వేడి మామూలు కంటే 70 శాతం ఎక్కువ. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? షెడ్డులో మిగిల్చిన అయిదో వంతు రాగి పొలంలో పొగై లేస్తుందన్నమాట.

ఆ రోజుల్లో కరెంటు ఎలా వచ్చేదో నల్లగొండ, పాలమూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏడు గంటలు, అదీ రెండు విడతలుగా, ఒక విడత అర్ధరాత్రి. రాత్రిపూట మడి దగ్గరికి పోయి పాము కాటుకో, తెగిన తీగకో బలైనవాళ్లున్నారు. అందుకే చాలామంది ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు వచ్చిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. వోల్టేజీ ఢమాల్న పడిపోయేది. లైను చివర ఉన్న మా నాయిన మోటారు ములిగేది. ఆ ములుగు వినే ఆయన 'ఇయ్యాల్నో రేపో' అనేవాడు.

తీగ ఒక్కటే కాదు. మోటారు లోపలి ఉక్కు రేకుల దొంతర పొడవు తగ్గించవచ్చు. కంచు బుష్ బదులు నాసిరకం వేయవచ్చు. ఇరుసుకు వాడే స్టెయిన్‌లెస్ ఉక్కును మార్చవచ్చు. మామిడి పండునైతే వాసన చూసి కొంటాం. ఎద్దునైతే పళ్లు చూసి కొంటాం. మోటారులో ఏం చూస్తాం? పెయింటు చూస్తాం. చూడగలిగింది అదొక్కటే.

కోయంబత్తూరులో రెండు డబ్బాలు

2005లో బావ విడిభాగాల కోసం కోయంబత్తూరు వెళుతుంటే నేనూ బయలుదేరాను. దేశంలో పంపుల ఊరంటే అదే. అక్కడి నేలా మనలాగే రాతి నేల, బావులూ లోతే. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు వచ్చింది. బట్టల మిల్లుల కోసం వెలిసిన ఫౌండ్రీలు, 1926లో మొదలైన పీఎస్‌జీ పారిశ్రామిక శిక్షణ సంస్థ పక్కనే ఉన్నాయి. రైతు అవసరం, కరెంటు, పనితనం ఒకచోట కలిశాయి. పంపుల పరిశ్రమ పుట్టింది.

పీలమేడు, గణపతి వీధుల్లో తిరుగుతుంటే నాకు కొత్త విషయం అర్థమైంది. మోటారు మొత్తం ఒక్కచోట చేసేవాళ్లు కొందరే. మిగతా చోట్ల ఒక ఇంట్లో బుష్‌లు, ఒక సందులో ఇరుసులు, ఇంకో షెడ్డులో రేకులు. వాటిని కొని బిగించుకునేవాళ్లు వందల్లో ఉన్నారు. ఒక దుకాణంలో బావ బుష్‌లు అడిగితే యజమాని రెండు డబ్బాలు ముందు పెట్టాడు. చూపుకు రెండూ ఒక్కటే. 'ఇది నాలుగేళ్లది, ఇది ఏడాదిది' అన్నాడు తెలుగులోనే. గ్యారంటీ కూడా ఏడాదే కదా అన్నట్టు ఒక నవ్వు నవ్వాడు.

నాణ్యత అంటే పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో తేలే విషయం అనుకునేవాణ్ని. చిన్న తయారీదారు దగ్గర అది ఏ డబ్బా వైపు చెయ్యి పోతుందన్న దాని మీదే ఉంటుంది. ఆ చేతిని చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

రాగి మండిన ఏడు

అసలు పరీక్ష ఆ మరుసటి ఏడే వచ్చింది. 2003లో టన్ను రాగి ధర ప్రపంచ మార్కెట్‌లో సగటున 2 వేల డాలర్ల లోపే ఉంది. 2006 మే నెలలో అది 8 వేలు దాటింది. మూడేళ్లలో నాలుగింతలు! ఒక్కో మోటారు మీద వెయ్యికి పైగా ఖర్చు పెరిగిందన్నాడు బావ. రాగి వ్యాపారికి ముందే నగదు కట్టాలి. డీలరు మాత్రం సీజన్ అయ్యాక చూద్దామంటాడు. పైగా ఇది ఏడాది పొడవునా సాగే వ్యాపారం కాదు. నీళ్లు అడుగంటే మాఘం నుంచి వైశాఖం దాకానే అమ్మకాలు. చెరువులు నిండితే ఊరికి పండగ, మోటార్ల షెడ్డుకు పస్తు.

ఆ ఎండాకాలం మా ఇంటి అరుగు మీద మామా అల్లుళ్ల మధ్య జరిగిన మాటలు నాకింకా గుర్తే.

"అల్లుడా, నీ మోటరు మంచిదే. నేను కాదంటలేను. కాని నా చేతుల పైసలు నీ మోటరంత లేవు" అన్నాడు నాయిన.

"తక్కువకు ఇయ్యమంటే ఇస్త మామా. తీగ సన్నం జేస్త. కాలితే మాత్రం నన్ను తిట్టొద్దు."

"తిట్టకుంట ఎట్లుంట? కొన్నోనికి గదొక్కటే కదా మిగిలేది!"

అందరం నవ్వాం. బావ మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదని తర్వాత అక్క చెప్పింది. అతని ముందు మూడు దారులున్నాయి. ధర పెంచితే డీలర్లు చౌక సరుకు వైపు పోతారు. తీగ సన్నం చేస్తే ఈ సీజన్ గడుస్తుంది, వచ్చే సీజన్‌లో కాలిన మోటార్లు షెడ్డు ముందు వరస కడతాయి. మూసేస్తే పదకొండు మంది పనివాళ్ల ఇళ్లలో పొయ్యి ఆగుతుంది.

అతను నాలుగో దారి వెతికాడు. అదేమీ రాజమార్గం కాదు. పది రకాల మోటార్లు చేసేవాడు మూడే రకాలకు వచ్చాడు. డీలర్లకిచ్చే బహుమతుల పథకాలు, రంగుల పోస్టర్లు మానేశాడు. అరువు ఆపేశాడు. దాంతో సగం మంది డీలర్లు పోయారు. నలుగురు పనివాళ్లను పంపించేయాల్సి వచ్చింది. అందులో ఒకతను మొదటి రోజు నుంచీ ఉన్నవాడు. అక్క నగలు కుదువకు పోయాయి. తీగ మందం మాత్రం తగ్గలేదు.

ఇంకో పని చేశాడు. దూరపు జిల్లాలన్నీ వదిలేశాడు. 'పొద్దున బస్సెక్కిన మెకానిక్ మాపటికి ఇంటికి రావాలె. గంత దూరమే నా మార్కెట్' అన్నాడు. దేవరకొండ, మల్లేపల్లి, కల్వకుర్తి, అచ్చంపేట, జడ్చర్ల... అంతే. ఆ ఊళ్లలో డీలర్ల కంటే ముందు వైండింగ్ షాపులకు వెళ్లాడు. తన మోటారులో తీగ గేజి ఎంత, ఏ గాడిలో ఎన్ని చుట్లు అన్నది ఒక కార్డు మీద అచ్చువేయించి మెకానిక్‌ల చేతిలో పెట్టాడు. తోటి తయారీదారులు నవ్వారట. 'నీ రహస్యం నువ్వే పంచుతున్నవా? రిపేరు సులువైతే కొత్తది ఎవడు కొంటడు?' అని.

వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. రిపేరు అయ్యే వస్తువు కొత్త అమ్మకాన్ని తినేస్తుంది. కానీ మా పల్లెల్లో మోటారు ఎంపిక చేసేది కొనే రైతు ఒక్కడే కాదు. కాలిన మోటారును విప్పి లోపల చూసిన మెకానిక్ చెప్పే మాటే అక్కడ తీర్పు. అన్ని కంపెనీల కడుపులూ చూసినవాడు ఆయనే మరి! కార్డు చేతిలో ఉన్న మెకానిక్ చుట్లు సరిగ్గా వేశాడు, మోటారు మళ్లీ నిలబడింది. రైతులు అడిగితే ఆ పేరే చెప్పడం మొదలుపెట్టాడు.

మంచితనం ఒక్కటే చాలదు

ఇదంతా విని 'నాణ్యత ఉంటే చాలు, వ్యాపారం అదే నడుస్తుంది' అని నీతి చెప్పడం తేలిక. నిజం అంత తేలిక్కాదు. బావ షెడ్డుకు నాలుగిళ్ల అవతల ఇంకొకాయన ఉండేవాడు. ఆయన చేసిన మోటారుకు వంక పెట్టలేం. అన్నీ మొదటి రకం సరుకే. డీలర్లు బాకీలు ఎగ్గొట్టారు. ఆయన అడగలేకపోయాడు. మూడేళ్లలో షెడ్డుకు తాళం పడింది. ఆయన మోటార్లు మాత్రం ఆ తర్వాత కూడా పొలాల్లో తిరుగుతూనే ఉన్నాయి. మరొకాయన సన్న తీగతో మూడు సీజన్లు అమ్మాడు. పేరు చెడ్డాక ఆ పేరు తీసేసి కొత్త పేరు పెట్టాడు. ఇల్లు కట్టాడు. దేవుడు చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

ఈ కథ మన దగ్గరే కాదని మా మేనల్లుడి వల్ల తెలిసింది. బావ కొడుకు మోటార్ల షెడ్డు నాకొద్దని సాఫ్ట్‌వేర్ చదివి, అమెరికాలో అట్లాంటా దగ్గర స్థిరపడ్డాడు. అక్కడ ఇంటి ముందు గడ్డి మోకాలెత్తు పెరిగితే కాలనీ సంఘం నోటీసు పంపుతుందట. అందుకని ఆదివారం పొద్దున గడ్డికోత యంత్రం తోస్తుంటాడు. వాళ్ల ఇంటికి కొద్ది దూరంలోనే మెక్‌డోనో అనే ఊరుంది. స్నాపర్ అనే పేరున్న గడ్డికోత యంత్రాలు అక్కడే తయారయ్యేవి.

ఆ కంపెనీ అధిపతి జిమ్ వియర్ 2002లో వాల్‌మార్ట్ ముఖ్య కార్యాలయానికి వెళ్లి 'ఇకపై మీకు సరుకు ఇవ్వం' అని చెప్పి వచ్చాడు. అప్పటికి స్నాపర్ అమ్మకాల్లో దాదాపు అయిదో వంతు వాల్‌మార్ట్‌దే! ఏటేటా ధర తగ్గించమనే దుకాణంలో ఉంటే యంత్రం నాణ్యత కూడా ఏటేటా తగ్గించాలి, రిపేరు చేసి పెట్టే చిన్న డీలర్లు చచ్చిపోతారు అన్నది ఆయన లెక్క. మా బావ డీలర్లను వదులుకున్న లెక్క కూడా అదే కదా అనిపించింది నాకు.

కానీ తర్వాతి కథ కూడా చెప్పాలి. 2004లో స్నాపర్‌ను నడిపే సంస్థను ఇంజన్ల తయారీలో పేరున్న బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కొనేసింది. 1908 నాటి ఆ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కూడా 2020 జులైలో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కి, వేరే యాజమాన్యం చేతికి పోయింది. నమ్మకానికి మారుపేరైన హోండా కూడా 2023లో నార్త్ కరోలినాలో పెట్రోలు గడ్డికోత యంత్రాల తయారీ ఆపేసింది. చెక్కలు కోసే రంపాలకు పేరున్న జర్మనీ కంపెనీ స్టీల్ మాత్రం 1926 నుంచీ నిలబడి ఉంది. అది కుటుంబ సంస్థ. రిపేరు చేయగలిగిన డీలర్ల ద్వారానే అమ్మకాలు అన్నది దాని పాత పట్టు. అమెరికా అయినా, అచ్చంపేట అయినా, అమ్మినవాడు మళ్లీ కనిపించే యంత్రానికే ఎక్కువ ఆయుష్షు.

కొత్త రోజులు, పాత ప్రశ్న

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అంతకుముందే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. మోటార్లన్నీ ఒక్కసారే లేచే బాధ తగ్గింది. అర్ధరాత్రి మడి కాడికి నడక తగ్గింది. మోటారు కాలడం తగ్గితే మీకు గిరాకీ పోదా అని బావను అడిగాను. 'పోనీ బామ్మర్దీ, మామ బతికుంటే సంబరపడేటోడు' అన్నాడు.

అతనికి వేరే కష్టాలు వచ్చాయి. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టినప్పుడు కరెంటు మోటార్లు చేసే షెడ్డుకే కరెంటు లేదు. 2016లో నోట్ల రద్దు వచ్చింది. 2021లో రాగి టన్ను 10 వేల డాలర్లు దాటింది. 2022 జులై 18 నుంచి నీళ్ల పంపుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఇప్పటికీ షెడ్డులో ఏడుగురే పనివాళ్లు. పెరగలేదు, మూతపడలేదు. ఆదాయంలో సగానికి పైగా కొత్త మోటార్ల మీద కాదు, పాతవాటి మరమ్మతు మీద వస్తోంది. అక్క నగలు మాత్రం విడిపించుకుంది.

ఇప్పుడు పొలాల్లో మోటారు ఒక్కటే లేదు. పత్తికి మందు కొట్టే తైవాన్ పంపు, బ్యాటరీ స్ప్రేయర్, గట్ల మీద గడ్డి కోసే యంత్రం, కలుపు తీసే చిన్న మిషన్... ఫోన్‌లో నొక్కితే ఇంటికొస్తున్నాయి. ధర చూస్తే ఆశ్చర్యమేస్తుంది. సీజన్ మధ్యలో చిన్న రబ్బరు వాషర్ పోతే మాత్రం దాని కోసం మూడు ఊళ్లు తిరగాలి. మా ఊళ్లో ఒక ఇంటి పెరట్లో ఇలాంటివి నాలుగు చూశాను. నాలుగూ కొత్తగానే ఉన్నాయి. కోళ్లు వాటి మీద నిద్రపోతున్నాయి.

2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో 'ఇందిర సౌర గిరి జల వికాసం' పథకం మొదలైంది. గిరిజన రైతుల పోడు భూములకు సోలార్ పంపులు ఇస్తారు. లైను చివర వోల్టేజీ కోసం ఎదురుచూసిన మా తరానికి ఇది చల్లని మాట. సూర్యుడికి లైను చివర, మొదలు అని ఉండదు. కానీ ఇలాంటి పథకాల్లో పంపు ఎంచుకునేది రైతు కాదు. అందుకే ఎంచుకునేవాళ్లు ఎంతకు వచ్చిందన్నది ఒక్కటే చూడకుండా, నల్లమల అంచున ఉన్న ఆ పెంటలకు, తండాలకు అయిదో ఏట మెకానిక్ ఎంతసేపట్లో చేరగలడన్నది కూడా చూడాలి.

ఇన్నేళ్ల తర్వాత నాకు తోచింది ఇంతే. నాణ్యతను తయారీదారు ఒక్కడే తయారుచేయలేడు. లైను చివర వోల్టేజీ నిలబెట్టే విద్యుత్ సంస్థ, బాకీ సకాలంలో కట్టే డీలరు, చుట్లు సరిగ్గా వేసే మెకానిక్, ఆ వెయ్యి రూపాయలు ఎక్కువ ఎందుకో అడిగి తెలుసుకునే రైతు... ఇంతమంది పట్టుకుంటేనే తీగ లావుగా ఉంటుంది. ఎవరు చెయ్యి వదిలినా అది సన్నబడుతుంది. తయారీదారు కూడా తను కాచుకోగలిగినంత మేరే అమ్ముకోవాలి.

ఈ యాసంగికి మోటారో, స్ప్రేయరో కొనబోతున్నారా? దుకాణానికి పోయే ముందు ఒకసారి వైండింగ్ షాపుకు వెళ్లండి. ఏ కంపెనీవి ఎక్కువ వస్తున్నాయో, వచ్చినవాటిలో ఏవి బాగుపడుతున్నాయో చూడండి. విడిభాగాలు దగ్గరి టౌనులో దొరుకుతాయా అని అడగండి. బిల్లు లేకుండా కొనకండి. గ్యారంటీ కార్డు మీద ఏడాది అని రాసుంటుంది. రెండో ఏడు ఫోను ఎత్తేవాడు ఎవడో తెలుసుకున్నాకే డబ్బులు తీయండి.